నర్సమ్మ వేసే మార్కులు

(శతవార్షికోత్సవ సభలో నర్సుల పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షిక సభలలో ఆసుపత్రి సేవను గూర్చి కొన్ని మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము నలుగురము కూర్చొని ఏమి చెప్పవలెనా అని ఆలోచించాము. మిషను ఆసుపత్రుల చరిత్ర మీకు తెలియనిది కాదు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చిన సంగతి, 1909లో వేలూరులో నర్సుల బడి మొదలైన సంగతి పెద్దలు ఎన్నోసార్లు వ్రాశారు, చెప్పారు. నర్సులను పొగిడే మాటలు కూడా ఇట్టి సభలలో చాలా విన్నాము. తెల్లని చీర, చేతిలో దీపము, ముఖమున చిరునవ్వు, ఈ బొమ్మ అందరికీ తెలిసినదే. అందుచేత ఈ రోజు పొగడ్త మాట ప్రక్కన పెట్టి, మా పనిని గూర్చి చెప్పదలచుకొన్నాము. ఆ పనిలో కూడా ఒక్క భాగమే తీసుకొన్నాము. ఆసుపత్రి మంచము మీద పడుకొన్న మనిషి ప్రమాదములోనికి జారిపోతున్నాడని ముందుగా కనిపెట్టడము ఎట్లు? కనిపెట్టిన తరువాత చేయవలసినది ఏమి?

మొదట మా తప్పు ఒకటి చెప్పి మొదలుపెడతాము. చాలా ఏండ్ల క్రిందట, మేము పనిచేసిన ఒక ఆసుపత్రిలో జరిగినది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది మాలో ఎవరో చెప్పము. ఎందుకంటే మాలో ఎవరు ఉన్నా అదే చేసేవారము.

ఆయన ఒక రైతు. వయస్సు యాభై దాటినది. పేగు ఆపరేషను జరిగి అది మూడవ రాత్రి. సాయంకాలము మంచము మీద లేచి కూర్చొన్నాడు, భార్యతో నాలుగు మాటలు చెప్పాడు. రాత్రి 10 గంటలకు మా నర్సు చార్టులో వ్రాసిన అంకెలు ఇవి: జ్వరము 101 డిగ్రీలు, నాడి 112, బీపీ పై అంకె 104, ఊపిరి 20. ఆ సమయములో భార్య దగ్గరకు వచ్చి, “సిస్టరమ్మా, మా ఇంటాయన మాట తేడాగా ఉన్నదమ్మా. ఎద్దులకు మేత వేశారా అని అడుగుతున్నాడు. మేము ఎద్దులు అమ్మి మూడేండ్లయినది” అని చెప్పినది. “జ్వరము కదా పెద్దమ్మా, కలవరింత. మాత్ర ఇచ్చాము, తగ్గుతుంది” అని మా నర్సు జవాబు చెప్పినది. ఆ మాట చార్టులో వ్రాయలేదు.

రాత్రి 2 గంటలకు నాడి 120, బీపీ 98. జ్వరము తగ్గలేదు. ఊపిరి గడిలో మళ్ళీ 20. మా నర్సుకు మనస్సులో ఏదో శంక కలిగినది. ఫోను దగ్గరకు వెళ్ళినది, చేయి వేసినది, తీసివేసినది. ముందు వారమే డ్యూటీ డాక్టరుగారు, “ఈ మాత్రానికి నన్ను లేపుతారా?” అని కసురుకొన్నారు. ఇంకొక నాలుగు గంటలు ఆగితే తెల్లవారుతుంది, పెద్ద డాక్టరుగారే రౌండ్సుకు వస్తారు గదా అనుకొన్నది. తెల్లవారుజామున 5 గంటలకు వెళ్ళి చూస్తే చేతులు చల్లబడి ఉన్నవి, ఒళ్ళంతా చెమట, పిలిస్తే పలుకు లేదు. అప్పుడు అందరూ పరుగెత్తారు. మధ్యాహ్నము కాకముందే ఆయన చనిపోయాడు. లోపలి కుట్టు విడిపోయి, పేగులోని మలినము కడుపులోనికి కారి, ఆ విషము రక్తమునకు ఎక్కినదని తరువాత డాక్టర్లు చెప్పారు.

ఆ తల్లి మమ్మును తిట్టలేదు. “నేను రాత్రే చెప్పాను గదమ్మా” అని మాత్రము అన్నది. ఆ మాట ఇప్పటికీ మాతోనే ఉన్నది.

ఆసుపత్రిలో మనిషి అకస్మాత్తుగా చనిపోయాడని మనము అంటూ ఉంటాము. రాత్రి బాగానే మాట్లాడాడు, తెల్లవారేసరికి లేడు అంటాము. నిజముగా అకస్మాత్తుగా పోయేవారు కొందరు ఉన్నారు. కాని అనేకుల విషయములో అది అకస్మాత్తు కాదు. 1990లో అమెరికాలోని మయామి నగర వైద్యులు ఒక పరిశీలనను ప్రకటించారు. ఆసుపత్రి వార్డులో ఉండగా గుండె ఆగిన 64 మంది చార్టులను వారు వెనుకకు త్రిప్పి చూశారు. అందులో 54 మందికి గుండె ఆగుటకు ముందు 8 గంటలలోనే మార్పు వచ్చినది. ఊపిరి వేగము పెరగడమో, స్పృహలో తేడాయో, క్రొత్త బాధ ఏదైనాయో చార్టులో వ్రాసే ఉన్నది. అంటే శరీరము ముందుగానే చెప్పినది. కొన్నిచోట్ల నర్సు వ్రాసినది కూడా. కాని వ్రాసిన అంకెలను కలిపి చదివి, వీటి అర్థము ఇది అని ఎవరూ అనలేదు.

కోస్తా జిల్లాలవారికి ఈ సంగతి ఒక పోలికతో చెప్పవచ్చును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మన పెద్దలు మరచిపోలేదు. తుఫాను సమయములో రేవులలో ఎగురవేసే సూచికలకు 1 నుండి 11 వరకు నంబర్లు ఉన్నవి. మచిలీపట్నములో పదవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారని రేడియోలో వినగానే పల్లెకారుడు వలలు సర్దుకొంటాడు. గాలి వేగము ఎంత, సముద్రములో ఒత్తిడి ఎంత తగ్గినది అని అతడు లెక్క వేయనక్కరలేదు. లెక్కలన్నీ కలిపి ఒక నంబరుగా చేసి అతనికి అందించారు. నంబరును బట్టి చేయవలసిన పని కూడా ముందే నిర్ణయమై ఉన్నది. రోగి మంచము దగ్గర కూడా అట్టి నంబరు ఒకటి ఉంటే ఎంత మేలు!

అట్టి నంబరు వచ్చినది. 1997లో ఇంగ్లండు తూర్పు తీరమున గ్రేట్ యార్మత్ పట్టణములోని జేమ్స్ పేజెట్ ఆసుపత్రి వైద్యులు ఒక పద్ధతిని ప్రకటించారు. దాని పేరు ఎర్లీ వార్నింగ్ స్కోరు, అనగా ముందుగా హెచ్చరించే మార్కులు. నర్సు ఎట్లాగూ చూసే నాడి, బీపీ, ఊపిరి, జ్వరము, స్పృహ వీటికే మార్కులు వేసి కూడడము దాని సారాంశము. తరువాత బ్రిటన్‌లో ఒక్కొక్క ఆసుపత్రి ఒక్కొక్క పట్టిక తయారు చేసుకొన్నది. నర్సు ఆసుపత్రి మారితే లెక్క మారేది. ఆ గందరగోళము పోవుటకు లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వారు 2012లో దేశమంతటికీ ఒకే పట్టికను ఇచ్చారు. 2017లో దానిని సవరించారు. బ్రిటన్ ఆసుపత్రులలో పనిచేసే మన తెలుగు నర్సులు డ్యూటీలో ప్రతి రోజు నింపుతున్నది ఈ సవరించిన పట్టికనే. మాలో కొందరు అక్కడ పనిచేసి వచ్చారు. అక్కడ ఆ కాగితము మొదటిసారి చేతికి వచ్చిన రోజున మాకు జ్ఞాపకము వచ్చినది ఆ రైతే.

ఆ పట్టిక ఎట్లుంటుందో కొంచెము ఓపికతో వినండి. బడిలో మార్కులు ఎక్కువ వస్తే సంతోషము. ఇక్కడ లెక్క తలక్రిందులు. సున్న వస్తే సంతోషము. ఒక్కొక్క అంశమునకు సున్న నుండి 3 వరకు మార్కులు. సహజ స్థితికి ఎంత దూరము పోతే అన్ని మార్కులు.

మొదటిది ఊపిరి. నిమిషమునకు 12 నుండి 20 వరకు ఉంటే సున్న. 21 నుండి 24 అయితే 2 మార్కులు. 25 గాని ఆపైన గాని అయితే 3. మరీ తగ్గి 8కి దిగినా 3. రెండవది రక్తములో ఆక్సిజన్. 2020లో కోవిడ్ వచ్చిన తరువాత వేలికి పెట్టే ఆ చిన్న మీటరును గూర్చి మన పల్లెలలో కూడా తెలియనివారు లేరు. 96 గాని ఆపైన గాని ఉంటే సున్న, తగ్గేకొద్దీ మార్కులు పెరిగి 91కి దిగితే 3. రోగికి ఆక్సిజన్ పెట్టి ఉంటే దానికి వేరుగా 2 మార్కులు కలపవలెను. ఎందుకంటే ఆక్సిజన్ మీద 96 ఉన్న మనిషి, మామూలు గాలితో 96 ఉన్న మనిషి ఒకటి కాదు. తరువాత బీపీ పై అంకె. 111 నుండి 219 వరకు సున్న. 101 నుండి 110 అయితే 1, 91 నుండి 100 అయితే 2, 90కి దిగితే 3. నాడి 51 నుండి 90 వరకు సున్న. 91 నుండి 110 అయితే 1, 111 నుండి 130 అయితే 2, దాని పైన 3. జ్వరమునకు కూడా ఇట్లే మార్కులు ఉన్నవి. ఒళ్ళు కాలిపోతే 2, ఒళ్ళు బాగా చల్లబడి 35 సెంటిగ్రేడుకు దిగితే 3. చల్లబడడము అంతకంటే చెడ్డ సూచన అని దీనిని బట్టి మీరు గ్రహించవచ్చును.

చివరిది స్పృహ. మనిషి తెలివిగా ఉండి మాట్లాడుతుంటే సున్న. పిలిస్తేనే కన్ను తెరుస్తున్నా, నొప్పి కలిగిస్తేనే కదులుతున్నా, అసలు కదలకున్నా 3. ఇక 2017 సవరణలో ఒక మాట చేర్చారు. అంతకుముందు లేని తికమక క్రొత్తగా వస్తే దానికి కూడా 3 మార్కులు వేయవలెను. మనిషి కళ్ళు తెరచియే ఉంటాడు, మాట్లాడుతూనే ఉంటాడు, కాని మాట పొంతన లేదు. మూడేండ్ల క్రిందట అమ్మిన ఎద్దులకు మేత వేశారా అని అడుగుతాడు.

ఇప్పుడు ఆ రైతు అంకెలను ఈ పట్టికలో పెట్టి చూడండి. మా వార్డులో ఆ రోజులలో ఆక్సిజన్ మీటరు లేదు గనుక దానిని విడిచిపెడదాము. రాత్రి 10 గంటలకు బీపీ 104కు 1, నాడి 112కు 2, జ్వరము 101కి 1. మొత్తము 4. మా నర్సు వ్రాసిన ప్రకారము ఇంతే. నాలుగు వస్తే 4 నుండి 6 గంటలలోపు మరల చూడమని పట్టిక చెపుతుంది. మా నర్సు నాలుగు గంటలకు మరల చూసినది కూడా. అంటే కాగితము మీద తప్పు లేదు. కాని ఆ భార్య చెప్పిన ఒక్క మాటకు 3 మార్కులు. అది కలిపితే 7. ఏడు వచ్చినదంటే అది అత్యవసరము. పెద్ద డాక్టరుకు వెంటనే తెలియవలెను, రోగిని విడువకుండా కనిపెట్టి ఉండవలెను. రాత్రి 10 గంటలకే ఆ నంబరు మా వార్డులో ఉన్నది. అది చార్టులో లేదు, భార్య నోట ఉన్నది. మేము దానిని జ్వరము కలవరింత అని కొట్టివేశాము. అప్పుడు పిలిచి ఉంటే ఆయన తప్పక బ్రతికేవాడని మేము అనము. అంత మాట అనుటకు మాకు అధికారము లేదు. కాని ఏడు గంటల వ్యవధి ఉన్నది. ఆ ఏడు గంటలు మేము ఆయనకు ఇవ్వలేదు.

ఇంకొక సంగతి. ఊపిరి 20 అని రెండుసార్లు ఉన్నది గదా. అది లెక్కించి వ్రాసినది కాదు. ఈ మాట సభలో చెప్పుటకు సిగ్గుగా ఉన్నది, కాని చెప్పవలెను. చాలా చోట్ల ఊపిరి గడిలో 18, 20 అని అలవాటుగా పడిపోతుంది. జ్వరము చూచుటకు థర్మామీటరు ఉన్నది, బీపీకి యంత్రము ఉన్నది, నాడికి మీటరు ఉన్నది. ఊపిరికి ఒక గడియారము, ఒక నర్సు, ఒక పూర్తి నిమిషము కావలెను. ముప్ఫై మంది ఉన్న వార్డులో ఒక్కొక్కరికి ఒక నిమిషము అంటే అరగంట. అందుచేత అది జారిపోతుంది. కాని శరీరములో చెడు మొదలైనప్పుడు ముందుగా మారేవాటిలో ఊపిరి ఒకటి. ఆక్సిజన్ చాలకపోయినా, రక్తములో ఆమ్లము పెరిగినా, శరీరము దానిని సరిచేసుకొనుటకు వేగముగా ఊపిరి తీస్తుంది. బీపీ అట్లు కాదు. గుండె వేగముగా కొట్టుకొని, రక్తనాళములు బిగుసుకొని, బీపీని చాలాసేపు నిలబెడతాయి. అది పడిపోయేసరికి శరీరము తన బలమంతా ఖర్చు పెట్టుకొన్నదన్నమాట. బీపీ బాగానే ఉన్నది గదా అని ధైర్యపడడము అందుకే తప్పు. ఆ రైతు ఊపిరి ఆ రాత్రి నిజముగా ఎంత ఉన్నదో ఇప్పుడు ఎవరమూ చెప్పలేము. మేము లెక్కించలేదు.

రోగులను గమనించడము నేర్పడమే నర్సులకు ఇవ్వదగిన ముఖ్యమైన శిక్షణ అని ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వెలువడిన తన పుస్తకములో ఒక అధ్యాయమంతా వ్రాసినది. ఆమెను మనము దీపముతోనే జ్ఞాపకము చేసికొంటాము. కాని ఆ దీపము అలంకారము కొరకు కాదు, చీకటిలో రోగిని చూచుట కొరకు. ఆమె లెక్కల మనిషి. చనిపోయినవారిని లెక్కించి, కారణములు వ్రాసి, ప్రభుత్వము ముందు పెట్టిన మనిషి. దయ ఉంటే చాలు, లెక్కలు డాక్టర్లు చూసుకొంటారు అనే మాట ఆమె ఒప్పుకొనేది కాదు. మా రైతు విషయములో మాకు దయ తక్కువ కాలేదు. లెక్క తక్కువైనది.

లెక్క వేస్తే సరిపోయినదా? లేదు. నంబరు వచ్చిన తరువాత పిలవవలెను. ఈ పట్టిక చేసిన గొప్ప మేలు ఇక్కడనే ఉన్నది. మొత్తము 5 గాని 6 గాని వస్తే డాక్టరును త్వరగా పిలవవలెను, గంటకొకసారి చూడవలెను. ఏ ఒక్క అంశములో 3 వచ్చినా అంతే. 7 వస్తే అత్యవసరము. ఇది ముందుగా వ్రాసిపెట్టిన నియమము. కనుక నిన్న మొన్న చేరిన చిన్న నర్సు కూడా రాత్రి 2 గంటలకు భయపడకుండా ఫోను తీయవచ్చును. “నాకు ఏదో అనుమానముగా ఉన్నది సార్” అని నసుగనక్కరలేదు. ఇట్లు చెప్పవలెనని మేము పిల్లలకు నేర్పుతున్నాము: “సార్, సర్జికల్ వార్డు నుండి స్టాఫ్ నర్సును మాట్లాడుతున్నాను. పదవ బెడ్డు, పేగు ఆపరేషను, మూడవ రోజు. స్కోరు సాయంకాలము 2, ఇప్పుడు 8. నాడి 112, బీపీ 104, ఊపిరి 24, క్రొత్తగా తికమకగా మాట్లాడుతున్నారు. మీరు వెంటనే వచ్చి చూడవలెను. వచ్చేలోగా ఏమి చేయమంటారు?” ఇంతే. ఎవరు, ఏ రోగి, ఏ అంకెలు, ఏమి కావలెను. ఇందులో అవిధేయత లేదు, బ్రతిమాలుకోవడమూ లేదు. కసురుకొంటే కసురుకోనివ్వండి, ఆ నంబరు మాత్రము చార్టులో ఉంటుంది.

పిలిచినప్పుడు రావలెను. ఇది డాక్టర్లతో మా మనవి. వచ్చి చూసి, “ఏమీ లేదమ్మా, పిలిచి మంచి పని చేశావు” అని ఒక్క మాట అన్న డాక్టరును నర్సు రెండవసారి సకాలములో పిలుస్తుంది. కసురుకొన్న డాక్టరును తెల్లవారేదాకా పిలవదు. ఆ తరువాత పాపము ఎవరిదో లెక్క తేలదు. ఆస్ట్రేలియాలో 1990 ప్రాంతమునే సిడ్నీ లివర్‌పూల్ ఆసుపత్రిలో, పిలవగానే వార్డుకు పరుగెత్తి వచ్చే ప్రత్యేక బృందమును ఏర్పాటు చేశారు. అది మంచిదని అనేకచోట్ల పెట్టారు. కాని 23 ఆసుపత్రులలో జరిపి 2005లో ప్రకటించిన పెద్ద పరిశీలనలో, ఆ బృందములు పెట్టిన ఆసుపత్రులకు, పెట్టనివాటికి చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కారణములు అనేకము చెప్పారు గాని ఒకటి మాకు బాగా అర్థమైనది. సూచనలు ఉండియు చాలామంది రోగుల విషయములో పిలుపే వెళ్ళలేదు. బృందము సిద్ధముగా ఉన్నది, ఫోను మ్రోగలేదు.

ఈ మార్కులతో సర్వమూ తెలుస్తుందని మేము చెప్పుట లేదు. ఈ పట్టిక 16 ఏండ్లు నిండినవారికి మాత్రమే. చిన్నపిల్లలకు, గర్భిణులకు వేరు పట్టికలు కావలెను, ఎందుకంటే వారి నాడి, ఊపిరి సహజముగానే వేరు. ఏండ్ల తరబడి ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న కొందరికి ఆక్సిజన్ 88 నుండి 92 ఉంటేనే సరి, వారికి పట్టికలో వేరే వరుస ఉన్నది. బీపీ కొరకు, గుండె కొరకు కొన్ని మాత్రలు వాడేవారి నాడి ప్రమాదములో కూడా పెరగకపోవచ్చును. కోవిడ్ రోగులలో ఆక్సిజన్ రెండు లీటర్ల నుండి పది లీటర్లకు పెంచినా పట్టికలో ఆ రెండు మార్కులే. కనుక స్కోరు తక్కువ ఉన్నది, కాని మనస్సు ఒప్పుకొనుట లేదు అనిపిస్తే నర్సు పిలవవలసినదే. అనుభవముగల నర్సుకు కలిగే ఆ కలత, అంకెలు మారుటకు ముందే కలుగుతుందని హాలండు పరిశోధకులు 2015లో అనేక పరిశీలనలను కూర్చి చూపారు. స్కోరు నర్సు బుద్ధికి తోడుగా వచ్చినదే గాని బదులుగా వచ్చినది కాదు. ఒక రాత్రికి ఒక నర్సును ఇన్ని మంచములకు కాపలా పెట్టి, పట్టిక ఇచ్చాము గదా అంటే అది కూడా న్యాయము కాదు. నిమిషము లెక్కించుటకు ఆ నిమిషము మాకు ఉండవలెను. ఆసుపత్రి కమిటీలలో కూర్చొనే పెద్దలు ఈ మాట జ్ఞాపకము ఉంచుకోవలెనని కోరుతున్నాము.

ఇక మీ అందరి పని. ఆసుపత్రి మంచము దగ్గర ఎక్కువ సేపు ఉండేది మేము కాదు, మీరు. తల్లి, భార్య, కొడుకు, తోడబుట్టినవారు. మనిషి మామూలుగా ఎట్లు మాట్లాడుతాడో, ఎట్లు పడుకొంటాడో మాకు తెలియదు, మీకు తెలుసు. మాట తేడా వచ్చినా, ఊపిరి ఆగి ఆగి మాట్లాడుతున్నా, ఊరకే మంచము మీద పొర్లుతున్నా, మూత్రము తగ్గినా, చేతులు చల్లబడినా, ఎప్పుడూ లేనంత మగతగా ఉన్నా నర్సుకు చెప్పండి. “ఎప్పటివలె లేడు” అని చెప్పినా చాలు. ఒకసారి చెప్పి వినకపోతే రెండవసారి చెప్పండి. చార్టులో వ్రాయమని అడగండి. పెద్ద సిస్టరును పిలవమని అడగండి. ఇది అమర్యాద కాదు. ఇంగ్లండులో 2021లో మార్తా అనే 13 ఏండ్ల బాలిక ఆసుపత్రిలో చనిపోయినది. బిడ్డ క్షీణిస్తున్నదని తల్లిదండ్రులు చెప్పిన మాటకు తగిన విలువ ఇవ్వలేదు. ఆ తల్లిదండ్రుల పట్టుదల వలన 2024లో అక్కడ మార్తా నియమము వచ్చినది. రోగి బంధువులు తామే నేరుగా వేరొక వైద్య బృందమును పిలిపించి మరల చూపించుకొనే హక్కు అది. మన ఆసుపత్రులలో అట్టి నియమము వచ్చేదాకా ఆగనక్కరలేదు. మీరు చెప్పండి, మేము వింటాము.

మీ నుండి మాకు కావలసిన సహాయము కూడా కొంత ఉన్నది. రాత్రి మేము మంచము దగ్గరకు వచ్చినప్పుడు, “ఇప్పుడే కన్ను మూతపడినదమ్మా, లేపకండి” అని మీరు అంటారు. ప్రేమతోనే అంటారు. కాని నిద్రకు, మగతకు తేడా లేపితేనే తెలుస్తుంది. మేము మణికట్టు పట్టుకొని మౌనముగా నిలబడి ఉంటే నాడి మాత్రమే చూస్తున్నామనుకోకండి. రోగికి తెలియకుండా ఛాతీ లేచి దిగుటను లెక్కిస్తూ ఉంటాము. తెలిస్తే ఊపిరి మారిపోతుంది. ఆ ఒక్క నిమిషము రోగిని గాని మమ్మును గాని పలకరించకండి. పరామర్శకు వచ్చే సహోదరులు కూడా ఆ నిమిషము ప్రార్థన ఆపి ఉంచవలెనని మనవి. దేవుడు ఆ నిమిషము ఆగుతాడు.

మేము చెప్పదలచినది ఇంతే. చూడవలెను, లెక్కించవలెను, పిలవవలెను, రావలెను. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలిన మూడు వృథా. ఆ రాత్రి మేము చూశాము, కాని లెక్కించలేదు, పిలవలేదు. ఇప్పుడు మేము పనిచేసే వార్డులలో ప్రతి చార్టు అడుగున రెండు గడులు వేయించాము. ఒకటి మొత్తము మార్కులకు. రెండవదానిలో “ఇంటివారు ఏమన్నారు?” అని ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంచి డ్యూటీ అప్పగించరాదని నియమము పెట్టుకొన్నాము. అది ఏ పట్టికలోనూ లేదు. ఆ తల్లి కొరకు మేము పెట్టుకొన్నది.

సభ ముగిసిన తరువాత వరండాలో మా బల్ల ఉంటుంది. గడియారము ఉన్నవారు ఎవరైనా రండి. పూర్తి నిమిషము ఊపిరి ఎట్లు లెక్కించవలెనో నేర్పుతాము. యౌవనస్థులు, స్త్రీల మైత్రి సహోదరీలు ముందుగా రావలెనని కోరుతున్నాము.